ఫుల్ లోడ్ అంటే ఎందరు

నర్సీపట్నం నుంచి గొలుగొండ వెళ్ళే ఆటోలో ఫుల్ లోడ్ అంటే పదకొండుమంది. వెనక సీటులో నలుగురు, దానికి ఎదురుగా వేసిన చెక్క మీద ముగ్గురు, సామాన్లు పెట్టుకునే చోట కాళ్ళు బయటికి వేలాడేసుకుని ఇద్దరు, డ్రైవరుకి అటొకరు ఇటొకరు. ఈ సంగతి నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా కంప్యూటర్ ముందు కూర్చోగానే ఎలా మరిచిపోయానో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నా ఉద్యోగం బళ్ళను కంప్యూటర్లో కట్టడం. నగరంలో ఉన్న ఒక కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. చక్రాలు, స్ప్రింగులు, వాటిని మోసే ఇనప చేతులు సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్కటిగా అమర్చి, బండిని గుంతలో పడేసి, మలుపు తిప్పి, బ్రేకు వేసి చూస్తాం. అప్పుడు నాకిచ్చింది ఒక ప్యాసింజర్ ఆటో వెనక సస్పెన్షన్. సెమీ ట్రైలింగ్ ఆర్మ్ అంటారు. చక్రాన్ని పట్టుకున్న చెయ్యి ఒక బందు మీద పైకీ కిందకీ ఆడుతుంది. ఆ బందును బండికి తిన్నగా అడ్డంగా కాకుండా కాస్త ఏటవాలుగా బిగిస్తారు. వంకరగా బందులు కొట్టిన తలుపు తెరిచేకొద్దీ ఒరిగినట్టే, బరువుకి బండి కుంగేకొద్దీ చక్రం పైభాగం లోపలికి ఒరుగుతుంది. ఎంత కుంగితే ఎంత ఒరుగుతుందో సరిగ్గా తేల్చాలి.

మోడల్ నిజమో కాదో తెలియాలంటే నిజం బండి కొలతలు కావాలి. కంపెనీవాళ్ళు డ్రాయింగులు పంపారు గానీ బండి పంపలేదు. మా అక్క మొగుడు నడిపేది సరిగ్గా అదే రకం ఆటో. బావకి ఫోన్ చేసి, చక్రం మధ్య నుంచి పైన రేకు అంచు దాకా ఎంతుందో ఖాళీ బండికి ఒకసారి, ఫుల్ లోడ్‌లో ఒకసారి టేపుతో కొలిచి పంపమన్నాను.

"మరదలు అడిగితే కొలవనేటి?" అని గంటలో పంపేశాడు.

డ్రాయింగులో ఫుల్ లోడ్ అంటే డ్రైవరు కాక ముగ్గురు. బావ పంపిన రెండో అంకెను తీసుకెళ్ళి అక్కడ పెట్టాను. ఇక మోడల్ పిచ్చెక్కినట్టు ప్రవర్తించింది. నలుగురి బరువుకి అంత కుంగాలంటే స్ప్రింగులు దూదితో చేసి ఉండాలి. నాలుగు రోజులు బందు కోణాలు మార్చాను, కుడి ఎడమలు తారుమారయ్యాయేమోనని వెతికాను, చివరికి డ్రాయింగులే తప్పేమో అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు డ్రాయింగులు తప్పంటారేంటమ్మా? మీ ఊళ్ళో టేపు పట్టుకోవడం కూడా రాదా?" అన్నాడు మా టీమ్ లీడ్, మీటింగులో ఎనిమిదిమంది వింటుండగా. ఒకడు నవ్వాడు కూడా. ఆ నవ్వుకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ కోపమంతా మోసుకుని ఆటో స్టాండుకి వెళ్ళాను. "నీ తప్పుడు కొలతకి నేను మాటలు పడ్డాను బావా!" అని అందరి ముందూ అరిచాను.

బావ నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు. "తప్పుడు కొలతేటి? పదకొండు మందినీ ఎక్కించే కొలిపించేను. నేను సీట్లో కూకున్నాను, పక్క బండోడు టేపు పట్టుకున్నాడు."

"ఫుల్ లోడంటే ముగ్గురే బావా."

"ముగ్గురా! ముగ్గురుంటే దాన్ని ఖాళీ బండంటారు."

స్టాండంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బయల్దేరబోతున్న బండి వెనక గొంతుక్కూర్చుని చూశాను. చక్రాలు పైన దగ్గరగా, కింద ఎడంగా, బరువు మోయలేనివాడు కాళ్ళు చాపి నిలబడ్డట్టు ఉన్నాయి. టైర్లు లోపలి అంచున దారాలు కనిపించేదాకా అరిగిపోయాయి. "ఎన్నిసార్లు మార్చినా లోపలే అరుగుతాయి. ఎందుకో ఎవులూ సెప్పరు," అన్నాడు బావ.

ఇంటికొచ్చి ముగ్గురి చోట పదకొండుమందిని పెట్టాను. మోడల్ లెక్కా టేపు కొలతా అచ్చంగా కలిశాయి. ఒక్క నిమిషం సంతోషించాను. తరవాత అదే బరువుతో మలుపులో బ్రేకు వేయించాను. బండి కదలకముందే చక్రాల చేతులు, మరీ కుంగకుండా అడ్డుపెట్టే రబ్బరు దిమ్మలకి ఆనుకుపోయి ఉన్నాయి. స్ప్రింగుకి ఇక కుంగే చోటు లేదు. లోపలి అంచు మీదే నిలబడ్డ టైర్లు పట్టు వదిలేశాయి, వెనక భాగం పక్కకు జారిపోయింది. తప్పయితే బాగుండునని మూడుసార్లు నడిపించాను. మూడుసార్లూ జారింది. మనుషుల్ని తగ్గిస్తూ పోతే ఏడుగురి దగ్గర జారడం ఆగింది. బందు లోపలి కొసను కాస్త ముందుకు జరిపి, దిమ్మలు మార్చి చూస్తే పదకొండుమందితోనూ నిలబడింది. అదంతా ఒక పేజీ రాసి రిపోర్టులో పెట్టాను.

లీడ్ ఫోన్ చేశాడు. "ఆ పేజీ తీసెయ్యండి. అంతమందిని ఎక్కించడం చట్టవిరుద్ధం. అది వాడేవాళ్ళ తప్పు."

"ఇక్కడ అందరూ అలాగే వెళ్తారు సార్. బందు కాస్త జరిపితే చాలు."

"జరిపితే ఎందుకు జరిపారని అడుగుతారమ్మా. మనకి తెలుసన్నట్టు కాగితం మీద ఉండకూడదు."

"మా అక్క ఎక్కుతుంది సార్ ఆ బండి."

"ఎక్కొద్దని చెప్పండి."

ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. తెలియకపోతే తప్పు కాదట, తెలిస్తేనే తప్పట! చదువుకున్నవాళ్ళ తెలివి ఇంత నీచంగా ఉంటుందా అనిపించింది. నేను తియ్యనన్నాను. ఆయనే తీసేశాడు. రిపోర్టు కాపీ వచ్చేసరికి ఆ పేజీ ఉన్న చోట ఒక్క వాక్యం ఉంది: "ఫుల్ లోడ్ వద్ద బండి ప్రవర్తన సంతృప్తికరం." కింద, తయారుచేసినవారు అన్న చోట, నా పేరు. పేరు తీసెయ్యమని రాస్తే, ఫారంలో ఆ వీలు లేదని జవాబొచ్చింది.

కంపెనీ వినకపోతే బావైనా వింటాడని మర్నాడు పొద్దున్నే స్టాండుకి వెళ్ళాను. బండి నిండిపోయి ఉంది. "ఏడుగురికి మించి ఎక్కించకు బావా. మలుపులో బ్రేకేస్తే వెనక జారిపోతుంది. నేను చూశాను."

ఎప్పుడూ వేళాకోళం చేసేవాడు ఆ పూట చెయ్యలేదు. "నిజఁవేనా?" అన్నాడు.

"నిజం."

వెనక్కి తిరిగి బండిలోకి చూశాడు. "అయితే నలుగురు దిగాల. ఎవుల్ని దించీమంటావో నువ్వే సెప్పు."

పదకొండుమందీ నా వైపు తిరిగారు. ఒకామె ఒళ్ళో జ్వరంతో బిడ్డ. ఆస్పత్రి నుంచి వెళ్తున్న ముసలాయన చేతిలో మందుల సంచి. జీడిపిక్కలు ఒలిచే షెడ్డుకి వెళ్ళే ఆడవాళ్ళు నలుగురు; వాళ్ళలో ఒకామె, "బేగి తేల్సమ్మా, లేటైతే మమ్మల్ని లోనకి రానివ్వరు," అంది.

తరవాతి ఆటో కూడా నిండితేనే కదులుతుంది. ఎవరో నలుగురిని దిగమనాలి. రాత్రంతా లీడ్‌ని తిట్టుకున్న నోరే ఆ మాట అనాలి.

పక్కకు తప్పుకున్నాను. బావ నన్నొకసారి చూసి బండి స్టార్ట్ చేశాడు. అది గొలుగొండ వైపు తిరుగుతుంటే వెనక చక్రాలు చూడలేక తల తిప్పుకున్నాను.