బుధవారం కడుపున రాహువు

మా మామ్మ రాహుకాలంలో ఎవర్నీ గడప దాటనివ్వదు. రంగూన్‌లోనే పుట్టింది, ఇక్కడే ముసలిదైంది, కూరగాయలవాళ్ళతో బర్మా భాషలో దెబ్బలాడి మరీ బేరమాడుతుంది. కానీ రాహువు మాటెత్తితే చాలు, అచ్చం శ్రీకాకుళం మనిషైపోతుంది. "ఏటే, ఈ గడియలో ఎల్తావా? సచ్చినా ఎల్లనివ్వను," అని గుమ్మానికి అడ్డంగా కూర్చుంటుంది. నేను ఎంత విసుక్కున్నా ఆ భయం నాకూ ఒంటబట్టింది. దాని మూలంగా ఉద్యోగం ఊడినంత పనైంది.

ఊరి నడిమధ్య చౌక్తడా పేటలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అప్పుడు ట్రయల్ మీద ఉన్నాను. మొదటి పని గట్టెక్కితే ఉంచుకుంటారు, లేకపోతే ఇంటికే. నన్ను తీసుకోమని యజమానికి నచ్చజెప్పింది నా సీనియర్, ఒక బర్మా ఆవిడ. అక్కని ఇక్కడ 'అమా' అంటారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. నేను ఓడితే ఆవిడ మాట కూడా పోతుందని నాకు తెలుసు.

పని ఏటి అవతల దలా అనే ఊళ్ళోని ఒక ప్రసూతి ఆసుపత్రిది. బిడ్డ పుట్టగానే ఇంటివాళ్ళ ఫోనుకి మెసేజ్ వెళ్ళాలి: తేదీ, పుట్టిన వారం, ఆ వారానికి చెందిన దిక్కు, జంతువు. పగోడాలో ఏ మూల నీళ్ళు పొయ్యాలో ఇక్కడివాళ్ళు దాన్ని బట్టే చూసుకుంటారు. వాళ్ళ లెక్కలో వారాలు ఎనిమిది. బుధవారం మధ్యాహ్నం పన్నెండు దాటాక పుడితే అది రాహువారం.

ఆ ఆసుపత్రి డాక్టరమ్మ చూడడానికి వస్తానన్న రోజు పొద్దున్న, మొదటిసారి మెసేజ్ పంపబోతే ప్రోగ్రాం చతికిలబడింది. నిన్నటిదాకా వారాలన్నీ చక్కగా చెప్పిందే! నేను ఆ ప్రోగ్రాం రాసిన పైథాన్ భాషని తిట్టాను, ఇంటర్నెట్‌ని తిట్టాను, కరెంటువాళ్ళని కూడా వదల్లేదు. అమా మాత్రం కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"అది ఎవర్ని పిలిచింది? ఎవరు పలికారు?" అంది.

స్క్రీన్ మీద చూశాం. మెసేజ్ పంపడానికి ఎవరో ముందే రాసిపెట్టిన లైబ్రరీ, టైము లెక్క కోసం పైథాన్‌తోపాటు వచ్చే క్యాలెండర్ అనే ఫైలుని పిలుస్తోంది. పైథాన్ అలాంటిది వెతికేటప్పుడు ముందు మన ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్లో చూస్తుంది, అక్కడ లేకపోతేనే తన సొంత సరంజామాలోకి వెళ్తుంది. నేనేమో నా వారాల ఫైలుకి పోయిపోయి క్యాలెండర్ అనే పేరు పెట్టుకున్నాను. పాపం ఆ లైబ్రరీకి ముందు నా ఫైలే దొరికింది, అందులో దానికి కావలసింది లేదు.

"వెతికేది తప్పు చెయ్యలేదు. దగ్గర్లో దొరికినదాన్ని నమ్మింది," అంది అమా. నన్ను ఒక్క మాట అనలేదు. ఫైలు పేరు మార్చగానే మెసేజ్ టింగుమంటూ వచ్చేసింది. ఆ క్షణంలో ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది, నిజంగా. పదేపదే చూసినా విసుగనిపించని పనితనం ఆవిడది: యంత్రాన్ని తిట్టదు, కూర్చోబెట్టి అడుగుతుంది.

"ఇంకొక్కటి చూద్దాం," అంటూ అమా తన పుట్టిన తేదీ, వేళ కొట్టింది. మళ్ళీ తప్పని చెప్పే ఎర్రక్షరాలు. ఇంకాసేపట్లో డాక్టరమ్మ వచ్చేస్తుంది.

"అమా, మీరు..."

"రాహువారం పిల్లని. ఏం, కనబడట్లేదా?" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. రోజులన్నిటికీ తల్లిలా ఒక క్లాసు, అంటే మిగతావాటికి మూసలాంటి కోడు, రాశాను. తేదీ రాయడం, మెసేజ్ కూర్చడం అన్నీ అందులోనే ఉన్నాయి. ఆదివారం, సోమవారం, అన్నీ దాని పిల్లలే. తల్లికి తెలిసినవన్నీ పిల్లలకి వాటంతట అవే వస్తాయి. ఎవరి దిక్కు, ఎవరి జంతువు వాళ్ళు చెప్పుకుంటే చాలు. రాహువుని మాత్రం ఆ ఇంట్లోకి రానివ్వలేదు. విడిగా, ఎవరికీ ఏమీ కానట్టు ఓ మూల రాసి పెట్టాను, అందుకే దానికి మెసేజ్ కూర్చడం రాలేదు. శుభమా అని బిడ్డ పుడితే మధ్యలో రాహువేమిటని చెయ్యి ఆడలేదు, పరీక్షించి కూడా చూడలేదు. బర్మాపిల్లలెవరూ ఈ తప్పు చెయ్యరు.

మామ్మ సంగతంతా చెప్పేశాను. అమా శ్రద్ధగా విని, "మీ మామ్మకి కోపం రాకపోతే నన్ను బుధవారం కింద రాయి," అంది. "నేను బుధవారం పిల్లనే కదా. నా దిక్కు వాయవ్యం, నా ఏనుగుకి దంతాలుండవు. మిగతాదంతా మా అమ్మదే."

రాహువు క్లాసు పేరు పక్కన బ్రాకెట్లలో బుధవారం అని చేర్చాను. అంతే, ఆ ఒక్క మాటతో రాహువు బుధవారానికి బిడ్డయింది. అమా ఫోన్ మోగింది. తేదీ బుధవారం రాసినట్టే ఉంది, దిక్కు వాయవ్యం, దంతాల్లేని ఏనుగు. ఎంత చక్కటి ఏర్పాటు! ఉన్నదంతా తల్లి దగ్గర పుచ్చుకుని, తేడా ఉన్నచోట మాత్రం తన మాట తను చెప్పడం. ఇప్పటికీ క్లాసు రాసిన ప్రతిసారీ నాకు ముచ్చటేస్తుంది.

డాక్టరమ్మ వచ్చింది, చూసింది, సరేనంది. సాయంత్రానికి ఉద్యోగం ఖాయమైంది.

ఇంట్లో చెబితే మామ్మ ముందు సంతోషించి, తర్వాత గతుక్కుమంది. "రాహువులో పుట్టిన పిల్లా? నిన్ను నిలబెట్టింది ఆ పిల్లేనా?"

"ఆవిడే మామ్మా."

తర్వాతి బుధవారం మాకు సెలవు. మామ్మ పొద్దుటే లేచి అమా కోసం బూరెలు వండింది. డబ్బా సర్దేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. చెప్పులు వేసుకోబోయి నేనే ఆగిపోయాను.

"మామ్మా, రాహుకాలం. కాసేపాగి ఎల్తాను."

"ఏటి ఆగేది? సల్లారిపోతే బాగోవు. ఆ పిల్ల పుట్టిన ఏళ ఇదే గదేటి," అంటూ మామ్మ నా చెయ్యి పట్టుకుని గడప దాటించింది.