సాంబారు ఒలకని దారి

పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో నేను సేఫ్టీ ఆఫీసరును. భద్రత నా ఉద్యోగం, భయం నా అర్హత. మా ఆవిడ రుద్రారం హాస్టళ్లకు రోజూ ట్రాలీ ఆటోలో మధ్యాహ్నం భోజనం చేరవేస్తుంది. వండేది వేరేవాళ్లు. రెండు పెద్ద గిన్నెల సాంబారు ఒలకకుండా చేర్చడం ఆమె వంతు.

ఆ ఏడు మా చర్చి స్త్రీల సమాజం వాళ్లు శ్రీశైలం డ్యామ్ చూడాలనుకున్నారు. వ్యాను దొరికింది, డ్రైవరు దొరకలేదు. మా ఆవిడ లేచి, "నేను నడుపుత" అంది. అందరూ చప్పట్లు కొట్టారు, కొట్టి నా వైపు చూశారు. లైసెన్సు ఆమెదైతే అనుమతి నాదట!

"ఘాట్ రోడ్డంటే ఆటలు కాదు. ముందుగాల మనిద్దరం కార్ల పోయి చూసొద్దాం. నాకు నమ్మకం కుదిరితే సరే," అన్నాను. కారు నేనే నడుపుతానన్నాను. ఆమె మాట్లాడలేదు. మా ఇంట్లో మౌనం అర్ధాంగీకారం కాదు, పూర్తి అభ్యంతరం.

ఫ్యాక్టరీలో షిఫ్టు మొదలయ్యే ముందు అందరినీ వరుసగా నిలబెట్టి ఆ రోజు ప్రమాదాలు చెప్పడం మా ఆనవాయితీ. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర కారు ఆపి, ఆమె ఒక్కదాన్నే వరుసగా నిలబెట్టాను. కోతులు, లారీలు, మలుపులు, లోయ అన్నీ చెప్పాను.

"అయిపోయిందా సారూ? జెర జల్దీ పోదాం, ఎండెక్కుతది."

దోమలపెంట దాటాక దిగుడు మొదలైంది. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది ముంబై హైవే మీద. అక్కడ దారి తిరగాలంటే యూటర్న్ బోర్డు వచ్చేదాకా ఓపిక పట్టాలి. ఇక్కడ దారే తిరుగుతోంది, దాంతోపాటు నా తల. బ్రేకు మీద నుంచి కాలు తీయలేదు. నాలుగు మలుపులు దిగేసరికి ఏదో కాలిన వాసన.

"అడవిల ఎవరో మంట పెట్టినట్టుంది," అన్నాను.

"మంట మన కిందనే ఉన్నది. గేరు తగ్గియ్యి," అంది ఆమె.

బ్రేకు తొక్కితే మెత్తగా, లోపలికి దిగిపోయింది. గేరు తగ్గించి, ఎలాగో వ్యూపాయింట్ పక్కన ఆపాను. ముందు చక్రాల నుంచి పొగ. మొక్కజొన్న కంకులు కాల్చుతున్న ఒకామె నన్ను చూసి, "ఏంది సారు, నాకు పోటీ పెట్టినవా?" అంది.

నేను బాటిల్ తీసి చక్రం మీద నీళ్లు పోయబోయాను. మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. "కాలినదాని మీద సల్లనీళ్లు పోస్తే పగులుతదని మీ క్లాసుల చెప్తవు గదా! దానంతటదే సల్లారనీ."

చల్లారేదాకా రైలింగ్ దగ్గర నిలబడ్డాం. కింద కృష్ణ కొండల్ని చుట్టుకుని మలుపు తిరుగుతోంది, ఏ తొందరా లేకుండా. నేను రైలింగ్‌కు రెండడుగులు వెనక. ఆమె కంకి తింటూ దిగువనున్న రోడ్డు మలుపుల్ని లెక్కబెడుతోంది.

"నీకు భయం లేదా?" అని అడిగాను.

"ఎందుకుండదు? రోజూ ఉంటది. ఎనక సాంబారు ఉన్నదనుకొని నడుపుత. దిగుడు రాకముందే గేరు తగ్గిస్త, మలుపు రాకముందే స్లో చేస్త. బ్రేకు ఆఖరుకు."

ఇన్నేళ్లు నేను క్లాసుల్లో చెప్పిందీ అదే, ముందు జాగ్రత్త. ఆమె రోజూ చేసింది, నేను రోజూ చెప్పాను. మా ఇద్దరికీ తేడా అంతే.

తాళాలు ఆమె చేతిలో పెట్టాను. ముందు ఖాళీ చోట రెండుసార్లు బ్రేకు తొక్కి, అది గట్టిగా పట్టాకే రోడ్డెక్కింది. డ్యామ్ దాకా దిగుతుంటే, వ్యూపాయింట్ దగ్గర కొని సగం తాగి నేను ఒళ్లో పెట్టుకున్న టీ కప్పులో అల కూడా లేవలేదు.

కింద దిగాక స్త్రీల సమాజం అధ్యక్షురాలికి ఫోన్ చేశాను. "నాకు నమ్మకం కుదిరింది అక్కా, వ్యాను తనే నడుపుతది. నాకో సీటు దొరుకుతదా?"

"ఏమో తమ్మీ, డ్రైవరమ్మనడగాలె," అందావిడ.

డ్రైవరమ్మ వారం రోజులు ఆలోచించి ఒప్పుకుంది. వెనక సీట్లో, సాంబారు గిన్నె మోకాళ్ల మధ్య పట్టుకుని కూర్చునే షరతు మీద. ఘాట్ మొదట్లో మాత్రం వ్యాను ఆపి, ఆడవాళ్లందరినీ దింపి, నన్నూ వాళ్ల వరుసలో నిలబెట్టింది.

"కోతులున్నయి, లారీలున్నయి, లోయ ఉన్నది," అంది. నా వైపు చూసి, "ఎనకనుంచి బ్రేకు, బ్రేకు అని ఒర్లేటోళ్లు గూడ ఉన్నరు. జెర పైలం."