డోలు గిట్టని సేనాధిపతి

మోంటెవిడియోలోని పలెర్మో పేటలో వాల్దెమార్ సిల్వేరా తెలియని చెవి లేదు. ఆయన డోలు అలాంటిది. ఆదివారం సాయంత్రం వీధి మలుపులో మంట వేసి, డోలు తోలు కాచి బిగించి, ఒక చేతి కర్రతో, రెండో చేతి అరచేత్తో ఆయన మొదలుపెడితే పక్కవీధి కిటికీ అద్దాలు కూడా మేళంలో చేరిపోతాయి. మిగతా రోజుల్లో ఆయన ఓడరేవులో మూటలు దించుతాడు. ఆ సంగతి ఎవరికీ అంతగా చెప్పుకోడు.

ఆ మహానుభావుడు ఒక నల్ల కుక్కపిల్లను తెచ్చి మరిస్కాల్ అని పేరు పెట్టాడు. అంటే సేనాధిపతి. చిన్నప్పుడది డోలుకు ఆనుకుని నిద్రపోయేది. అది చూసి మురిసిపోయి, కార్నివాల్ ఊరేగింపులో మేళం ముందు నడిచేది మా సేనాధిపతే అని ఆయన పేటంతా చాటింపు వేశాడు. మెడకు కట్టడానికి ఎర్రపట్టీ కూడా కుట్టించాడు.

ఎనిమిదో నెల వచ్చేసరికి సేనాధిపతికి యుద్ధం మీద విరక్తి పుట్టింది. మొదట చెత్తడబ్బాను చూసి వెనక్కి తగ్గాడు. తర్వాత టోపీ పెట్టుకున్న పోస్టుమాన్‌ని చూసి. చివరికి నిన్నమొన్నటిదాకా తలగడగా వాడుకున్న డోలును చూసి స్నానాలగదిలోకి దూరి బకెట్ వెనక నక్కాడు.

మేళంలో డోలు రానివాడు ఉండొచ్చేమో గానీ, వైద్యం రానివాడు లేడు.

"మంట దగ్గర కట్టెయ్యరా వాల్దీ," అన్నాడు చిన్న డోలు వాయించే కాచో. "కాసేపు వింటే అదే సర్దుకుంటుంది. మావాణ్ణి అలాగే పెంచా."

ఆ 'మావాడు' డోలు వినపడితే చాలు చెవుల్లో దూది కుక్కుకుంటాడని పేటంతటికీ తెలుసు. అయినా వాల్దెమార్‌కు సలహా దివ్యంగా అనిపించింది. ఆదివారం మంట పక్కనే కుక్కను కట్టేశాడు.

డోళ్లన్నీ ఒక్కసారిగా లేచాయి. సేనాధిపతి మెడపట్టీ ఊడబెరుక్కుని బేకరీలోకి దూసుకెళ్లి, గాజుబల్ల కింద దూరి, నేలంతా తడిపేశాడు. బన్నులు కొనడానికి వచ్చినవాళ్లందరి ఎదుట వాల్దెమార్ బోర్లా పడుకుని చెయ్యి చాపాడు.

"రా నాన్నా, నేనేరా!"

కుక్క ఆ చేతిని చూసి గోడకు ఇంకా అతుక్కుపోయింది. జనం నవ్వినందుకు ఆయనకు బాధలేదు. అలవాటే. కానీ తన చేతిని చూసి వణికిందే, అది మాత్రం ఆయన్ని ఇంటిదాకా వెంటాడింది.

"నీ కొడుక్కి పద్నాలుగేళ్లప్పుడు నీ నీడ పడితే తలుపేసుకునేవాడు, గుర్తుందా?" అంది ఇంట్లో భార్య నిబియా. "అప్పుడు కూడా వాడి గది ముందు డోలు వాయించావా?"

"వాయించాను."

"అందుకే వాడు అకార్డియన్ నేర్చుకున్నాడు."

మర్నాడు పశువుల డాక్టరమ్మ చూసి, రోగమేమీ లేదంది. ఈడొస్తున్న కుక్కకు తెలిసిన వస్తువు కూడా కొన్నాళ్లు దయ్యంలా కనిపిస్తుందట. లాగొద్దు, తిట్టొద్దు, దూరంగా ఉంచి తిండి పెట్టండి, పోతానంటే పోనివ్వండి, అంది.

"మరి మందు?" అన్నాడు వాల్దెమార్.

"ఓపిక."

"అది మా ఇంట్లో ఉండదమ్మా," అంది నిబియా.

అయినా తెచ్చుకున్నారు. డోలు పెరట్లో మూగగా పడి ఉండేది. ఆ చివర మాంసం ముక్కలు, ఈ చివర డోలు. రోజురోజుకూ ముక్కలు కాస్త ఇటు జరిగేవి. కుక్క వెళ్లిపోతే వాల్దెమార్ నోరెత్తేవాడు కాదు. నోరెత్తకుండా ఉండటం ఆయనకు డోలు మొయ్యడం కంటే కష్టం. కొన్ని వారాలకు గోటితో డోలు మీద గీరాడు. కిటికీలు అదిరించిన మనిషి, గోటితో! కుక్క చెవులు నిక్కించింది, కానీ పోలేదు. ఒక పొద్దున దానంతటదే వచ్చి ఆయన అరచేతిలో మూతి పెట్టింది.

"మాంసం వాసనకే లే," అంది నిబియా, కళ్లు తుడుచుకుంటూ.

ఊరేగింపు రోజున వాల్దెమార్ డోలు భుజానికి తగిలించుకోలేదు. కుక్కను తీసుకుని వీధి చివర, ఇంటి దారి వెనకే ఉండేలా, తాడు వదులుగా పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం వాల్దెమార్, మీ సేనాధిపతి యుద్ధాన్ని వెనకనుంచి నడిపిస్తున్నాడా?" అని మేడమీది ఆడవాళ్లు పగలబడి నవ్వారు.

దూరంగా మేళం మొదలైంది. కుక్క వణికి, ఇంటి దారి చూసింది, ఆయన ముఖం చూసింది. ఆయన తాడు ఇంకాస్త వదులు చేశాడు. కాసేపటికి అది కూర్చుంది. తర్వాత పడుకుని ఆయన చెప్పు మీద గడ్డం ఆనించింది.

కాచో రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు.

"నీ డోలు లేక మేళం నీళ్లచారులా ఉందిరా! ఒక్క వీధి వాయించి పో, కుక్కను నే పట్టుకుంటా!"

"ఇప్పుడు కుదరదురా," అన్నాడు వాల్దెమార్ గొంతు తగ్గించి. "కాలు ఖాళీ లేదు."