అతుకు పక్కన నెంబరు

హౌరా స్టేషన్ వెయిటింగ్ హాల్లో కూర్చుని మా పీహెచ్‌డీ గైడ్‌కు ల్యాప్‌టాప్‌లో మెయిల్ రాస్తున్నాను. ఆకాశ సర్వేలోని వర్ణపటాలు చూసి నాలుగేళ్లు నేను వర్గీకరించిన శ్వేత మరుగుజ్జు నక్షత్రాల పట్టికలోంచి ఆయన నా పేరు తీసేశారు. అయినా బుద్ధి లేక, ఒక నక్షత్రం వర్గాన్ని ఆయన తప్పుగా మార్చారని చెప్పబోతున్నాను. అయస్కాంత క్షేత్రం వల్ల చీలిన హైడ్రోజన్ గీతలను ఆయన హీలియం అనుకున్నారు.

"ఏటమ్మా ఆ గీతలు?" అన్నారు పక్కనున్న పెద్దాయన, తెర మీది వర్ణపటం చూసి. ఇక్కడి గార్డెన్ రీచ్ షిప్‌యార్డులో ఓడలకు వెల్డింగ్ చేసి రిటైరయ్యారట. నక్షత్రాల సంగతీ, నా కడుపుమంటా చెప్పాను.

"మా కాడ అతుకు పక్కన ఏసినోడి నెంబరు కొడతారమ్మా. అతుకు ఇరిగితే ఆడినే పిలుస్తారు. దీని మీద పేరెవులిది?"

"ఆయనదే."

"మరి నీకేటి?" అంటూ ల్యాప్‌టాప్ మూత వేలితో మెల్లగా మూశారు.

ఆ మెయిల్ పంపలేదు. పట్టిక అచ్చయింది. దాంట్లో తప్పు దిద్దుతూ నా పేరుతో నేను రాసిన వ్యాసంలో, తప్పు ఎవరిదో చెప్పే మొదటి వాక్యం ఆయన పేరుతోనే మొదలవుతుంది.