ఎలీసమ్మ గారి ఒంటరి పింఛను

ఏసుపాదం ఇల్లు వదిలి పోయినప్పుడు కొత్తపేట పక్కనున్న ఆ పేటలో ఎవరూ ఏడవలేదు. అతని పెళ్ళాం ఎలీసమ్మ కూడా ఏడవలేదు. బియ్యం ఇంకో నాలుగు రోజులు ఎక్కువ వస్తాయిలే అనుకుంది. పోతూ పోతూ కొత్త గొడుగు పట్టుకుపోయాడని మాత్రం చాలాకాలం మండిపడింది.

ఆ తరవాత కొబ్బరి పీచు మిల్లులో కూలి చేసి, కూతురు స్టెల్లాని నర్సింగు చదివించి, పెళ్ళి చేసి పంపింది. యాభై దాటాక ఎవరో చెప్పారు, మొగుడు వదిలేసిన ఆడవాళ్ళకి ప్రభుత్వం ఒంటరి పింఛను ఇస్తోందని. వదిలేసినట్టు సాక్ష్యం కావాలన్నారు. పేట పేటంతా మండలాఫీసుకి కదిలింది. ఏసుపాదం గురించి ఆ మనుషులందరూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు. ఇంతమంది అక్కరలేదమ్మా, ఇద్దరు చాలు అని అధికారి బతిమాలుకున్నాడు.

పింఛను వచ్చింది. డబ్బు సంగతి అలా ఉంచండి. అంతవరకూ ఆవిడ ఏసుపాదం పెళ్ళాం, స్టెల్లా అమ్మ, మిల్లులో అయితే ఉత్త "ఏమే". ఇప్పుడు ఒకటో తారీఖు తెల్లవారేసరికి గ్రామ సచివాలయం ఉద్యోగి సుప్రియ గుమ్మంలో నిలబడి, "ఎలీసమ్మ గారూ, పింఛనండీ" అని పిలుస్తుంది. ఎలీసమ్మ ముందే తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, లోపల కూర్చుని వినబడనట్టు ఊరుకుంటుంది. రెండోసారి కూడా పిలిపించుకోవడం ఆవిడకి సరదా. ప్రాణం పోయినా ఆ పిలుపు వదులుకోదు.

అలాంటి ఇంటికి, పద్నాలుగేళ్ళ తరవాత, ఏసుపాదం సంచి పట్టుకుని దిగాడు. గొడుగు లేదు. మోకాళ్ళు అరిగిపోయాయి, నోరు మాత్రం అరగలేదు. అరుగు మీద చతికిలబడి, టీ తాగి, అసలు సంగతి బయటపెట్టాడు.

"నాకూ అరవై దాటేయి కదా. రేషను కార్డులో నా పేరెక్కించెయ్యి. ముసలోళ్ళ పింఛను నాకొచ్చేస్తాది."

"కార్డుకి ఒకటేనండి పింఛను. మీదొస్తే నాది తీసేస్తారండి."

"నాదొచ్చేక నీదెందుకే? మొగుడొచ్చేసేక నువ్వు ఒంటరిదానివెలా అవుతావు?"

ఎలీసమ్మకి ఒళ్ళు మండిపోయింది. అయినా గోదావరి మనిషి, కోపం ఎంత నెత్తికెక్కినా 'అండీ' దిగదు. సాయంత్రం చర్చి పాస్టరు శామ్యూల్ గారు వచ్చి, క్షమించడం కన్నా గొప్ప గుణం లేదమ్మా అన్నారు.

"ఆయ్, క్షమించేనండి. వెళ్ళిన ఏడాదే క్షమించేను. తిరిగి రమ్మని మాత్రం ప్రార్థన చెయ్యలేదండి."

పాస్టరు గారు ఆ రాత్రికి ఏసుపాదాన్ని తీసుకెళ్ళి చర్చి వరండాలో పడుకోబెట్టారు. సంచి మాత్రం ఎలీసమ్మ ఇంట్లోనే ఉండిపోయింది.

మర్నాడు ఒకటో తారీఖు. సుప్రియ వచ్చేసరికే ఏసుపాదం అరుగు మీదకి చేరి, వేపపుల్ల నములుతూ ఇంటి యజమానిలా కూర్చున్నాడు. ఆ అమ్మాయి నోరు తెరిచేలోగా తనే అందుకున్నాడు.

"నేను ఆవిడ భర్తనమ్మా. ఇకనించి ఏం కావాలన్నా నన్నడుగు."

సుప్రియ పింఛను నమోదు చేసే ఫోను దించేసింది. ఎలీసమ్మ ఈసారి పిలవకుండానే బయటికొచ్చింది.

"ఎలీసమ్మ గారూ, ఆయన ఈ ఇంట్లో ఉంటే నేను పై ఆఫీసుకి చెప్పాలండీ," అంది సుప్రియ నొచ్చుకుంటూ. "ఉంటున్నారాండీ?"

అబద్ధం ఆడటం ఎలీసమ్మకి చేతకాదు. అందుకని ముందు నిజం తయారు చేసింది. లోపలికి వెళ్ళి, సంచి తెచ్చి, వీధిలో పెట్టి వచ్చింది.

"లేరండి," అని చెప్పి పింఛను తీసుకుంది. సుప్రియ పక్కింటికి వెళ్ళిపోయింది.

ఏసుపాదం నోట్లో పుల్ల తీశాడు. వచ్చినప్పటినుంచీ మొదటిసారి గొంతు తగ్గించి అడిగాడు.

"మరి నేనెక్కడికి పోనే?"

"క్రితంసారి నన్నడిగి వెళ్ళేరాండీ?" అంది ఎలీసమ్మ.