ఉంటే ఒక్క ఫోనన్న చెయ్యరా

నా గొంతు పెద్దది. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు పక్కన పుట్టినదాన్ని, ఇంకెలా ఉంటుంది? మా బాపు మగ్గాలు నడిపేవాడు, అవ్వ అక్కడే నూలు కండెలు చుట్టేది. ఆ మోతలో ఎంత అరిచినా వినపడదు. అందుకని షెడ్డులో అందరూ చేతులతో, పెదవులతో మాట్లాడుకుంటారు. పెదవులు కదిపితే చాలు, అవతలి మగ్గం దగ్గరి మనిషికి తెలిసిపోతుంది. నాకూ చిన్నప్పుడే ఆ విద్య అబ్బింది. షెడ్డు బయట మాత్రం మాకు మామూలు మాట కూడా అరుపే.

పెళ్లయి కోరుట్లకు వచ్చాక ఆ అరుపే తంటా తెచ్చింది. మా ఆయనది వ్యవసాయం చేసే ఇల్లు, వాళ్లవి నెమ్మది మాటలు. పెదవులు చదవడం నాకు వచ్చని చెప్పే అవసరం ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు. ఆయన పని మస్కట్‌లో, ఒకే గదిలో నలుగురితో కలిసి ఉంటాడు. పోయిన నెల ఫోన్‌లో, "జర మెల్లగ మాట్లాడరాదే, కొట్లాడుతున్నవనుకుంటున్రు అందరు" అన్నాడు.

"నా గొంతే గంత. ఇష్టముంటే చెయ్యి, లేకుంటే బంద్ చెయ్యి" అన్నాను.

బంద్ చేశాడు. మళ్లీ ఫోన్ లేదు. దసరాకు వచ్చేస్తానని, ఇక పోనని అంతకుముందే మాటిచ్చాడు. ఆ మాట ఉందో లేదో అడుగుదామంటే నేనెందుకు ముందు చేయాలని నా రోషం. రోషంతో కడుపు నిండుతుందా! అత్తామామలు పొలం దగ్గరే ఉంటారు; ఇంట్లో ఒక్కదాన్నే వండుకుని, ఒక్కదాన్నే తినడం చాలా కష్టంగా ఉండేది.

నేను బడిలో సైన్స్ చెబుతాను. వేరే లోకాల్లో తెలివైన జీవులున్నారా లేరా అని ఒకరోజు తొమ్మిదో తరగతి పిల్లల్ని రెండు జట్లు చేసి వాదించుకోమన్నాను. లెక్కకందనన్ని నక్షత్రాలున్నప్పుడు ఒక్క మనకే తెలివి దక్కిందనుకోవడం పొగరని ఒక జట్టు అంది. అవతలి జట్టు నుంచి ఒక అమ్మాయి లేచింది. వాళ్ల నాన్నా గల్ఫ్‌లోనే.

"ఇన్నేండ్ల సంది ఆకాశం దిక్కు రేడియోలు పెట్టి ఇంటున్నరు గద మేడం. ఉంటే ఒక్క ఫోనన్న చెయ్యరా?"

క్లాసంతా గొల్లున నవ్వింది. నాకు మాత్రం ఎక్కడో చురుక్కుమంది.

"మనకు ఇనరాకపోతే ఆళ్లు లేనట్టేనా?" అని ఇంకో పిల్ల అందుకుంది. "గంత దూరంల మాట్లాడితే గీడికి అచ్చేసరికి ఏండ్లు వడ్తయి."

తీర్పు నన్ను చెప్పమన్నారు. ఇంతవరకు విన్నది ఆకాశంలో చాలా కొంచెమేనని, వినపడనంత మాత్రాన లేరనలేమని, ఉన్నారనడానికీ రుజువు లేదని, పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే ఇంకా తేల్చుకోలేదని చెప్పాను.

"అయితే ఎవలు గెలిచిన్రు మేడం?"

"ఎవ్వలు గెలువలే. కూసోండ్రి."

నిజం చెప్పొద్దూ, ఉన్నారన్న జట్టే గెలవాలని ఆ పూట నాకు మహా ఆశగా ఉంది.

సాయంత్రం బియ్యం కడుగుతుంటే వీడియో కాల్ వచ్చింది. ఆయనే! తడి చేత్తోనే ఎత్తాను. మొహం కనిపిస్తోంది, మాట మాత్రం రావడం లేదు. నేను హలో హలో అని అరిచాను. నా మాట అటు, ఆయన మాట ఇటు అందడం లేదని ఆయనకూ అర్థమైంది. ఫోన్ అలాగే పట్టుకుని పక్కనున్నతని వైపు కొంచెం తిరిగాడు. పెదవులు కదిలాయి.

"కంపెనోళ్లు ఇంకో రెండేండ్లు ఉండుమన్నరు, సరే అన్న. దీనికి ఎట్ల చెప్పాలె?"

చప్పుడు లేదు. అయినా ఆ పెదవుల మీద నాకు ఒక్క ముక్క కూడా పోలేదు.

అంతలో సిగ్నల్ వచ్చింది. "హలో, ఇప్పుడు ఇనవడుతుందా? తిన్నవా?" అన్నాడు.

"దసరాకు అస్తున్నవా?" అన్నాను.

"ఏందే, గొంతు గట్లయింది? జర గట్టిగ మాట్లాడు, ఇనవడ్తలే."