అరచేత్తో చూసి ఇచ్చిన కంప్యూటర్

హైటెక్ సిటీ అంతా గాలించి, పది మినీ పీసీలు పరీక్షించి ఒకటి ఎంచుకున్నానని మావాళ్ళందరికీ చెప్పాను. నిజానికి నేను వెళ్ళింది కూకట్‌పల్లిలో ఒకే ఒక్క షాపుకి. అక్కడా ఎర్రలైట్లు వెలిగే ఓ పెద్ద కంప్యూటర్ పెట్టె దగ్గరే ఆగిపోయాను.

ఆ షాపావిడకి ఒక అలవాటుంది. నడుస్తున్న ఏ మిషన్ మీదైనా అరచెయ్యి ఆనిస్తుంది, జ్వరమొచ్చిన పిల్లల ఒళ్ళు చూసినట్టు. "ఇంట్ల దీంతోని ఏం పని సార్?" అని అడిగింది. మా ఆవిడ ఆన్‌లైన్లో సంగీతం చెబుతుందనీ, కరెంటు పోతే మా పాత కంప్యూటర్‌ని ఇన్వర్టర్ మోయలేక పాఠం తెగిపోతోందనీ, పిల్లలు ఒక్కొక్కరే మానేస్తున్నారనీ చెప్పాను.

"గట్లయితే గీ పెద్దది వద్దు సార్, ఇన్వర్టర్ జల్ది ఖాళీ అయితది" అని, సగం ధరకే టిఫిన్ డబ్బా అంత మినీ పీసీ తెచ్చింది. ఇన్వర్టర్ మీద గంటసేపు నడిపి, చెయ్యి ఆనించి చూసి మరీ ఇచ్చింది. ఆర్నెల్లయింది, పాఠం ఒక్కసారీ తెగలేదు. ఆవిడకి రోజూ మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను.

ఇది చదివి వినిపిస్తే మా ఆవిడ శ్రుతిపెట్టె ఆపి అంది: "ఆమె అడిగింది నన్నండి. చెప్పిందీ నేనే. ఇదంతా ఇంటికొస్తూ ఆటోలో మీరు నా దగ్గర విన్నదేగా. ఆ మాటలప్పుడూ, ఆ గంటా మీరు షాపుకెదురుగా బజ్జీల బండి దగ్గరున్నారు."